దప్పళం ఉడికేలోగా

దీపావళికి ఇంకా పన్నెండు రోజులుంది. రాజమహేంద్రవరంలో ఆ ఆదివారం తెల్లవారుజామున పట్టిన వాన మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా వదల్లేదు. ఆశ్వయుజంలో గోదావరి జిల్లాల వానలు అంతే. శరదృతువంటే పిండారబోసినట్టు వెన్నెల కాస్తుందని చెప్పుకుంటాంగానీ, బంగాళాఖాతంలో ఏదో ఓ మూల అల్పపీడనం పుడితే చాలు... నాలుగు రోజులు బట్టలు ఆరవు, డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి, ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు.

అలా కూర్చున్నప్పుడే మజ్జిగన్నం కలుపుకుంటూ అన్నాడు ఆ ఇంటి యజమాని. "ఇవాళ ఆ మిషను గది ఖాళీ చేసేద్దాం. పాపకి టెన్త్. హాల్లో టీవీ మోతలో ఎన్నాళ్లని చదువుతుంది? ఓ టేబులూ కుర్చీ వేస్తే సరిపోతుంది. ఆ మిషనూ గుడ్డముక్కలూ పాతసామాన్లవాడికి చెబితే వచ్చి పట్టుకుపోతాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డెబ్భై ఒక్కేళ్ల తల్లి కంచంలోంచి తలెత్తకుండానే, "మీ ఇష్టం నాయనా" అంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు 'మీ ఇష్టం' అన్నారంటే దానికి చాలా అర్థాలుంటాయి. సరేనని ఒక అర్థం. వద్దని ఒక అర్థం. 'వద్దన్నా మీరు ఆగరుగా' అని మరో అర్థం. కొడుక్కి మొదటిది ఒక్కటే వినిపించింది. చెయ్యి కడుక్కుని, పేపరు పట్టుకుని మంచమెక్కాడు. కోడలికి మూడూ వినిపించాయి.

మిషను గదంటే పెద్ద గదేం కాదు. వంటింటికీ పెరటి తలుపుకీ మధ్య, పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఇల్లు కట్టినప్పుడు స్టోరు రూమని కట్టారు. తూర్పు గోడకి కిటికీ. కిటికీ కింద కాలితో తొక్కే ఉషా మిషను. రెండు కళ్లకీ శుక్లాలు వచ్చి, సూదిలో దారం ఎక్కించడానికి మనవణ్ని పిలవాల్సి వచ్చాక, రెండేళ్ల కిందట పెద్దావిడ ఆ మిషను మీద దుప్పటి కప్పేసింది. అప్పట్నుంచీ ఆ గది ఇంట్లో అందరిదీ అయిపోయింది. అంటే, ఇంకెక్కడా చోటు దొరకని సామానంతా అక్కడికే చేరింది. వేసవి వెళ్లాక ఎయిర్ కూలరు, కొన్న ప్రతి వస్తువు తాలూకు అట్టపెట్టె, పిల్లాడికి చిన్నదైపోయిన సైకిలు, ఒక కాలు ఊగే స్టూలు.

కోడలు రెండు గోనెసంచులు తీసుకుని లోపలికి వెళ్లింది. బళ్లో లెక్కల టీచరు. ఏ పనైనా గంటలో తేల్చేయాలనుకునే మనిషి. మొదటి పది నిమిషాలూ చకచకా సాగింది. అట్టపెట్టెలు సంచిలోకి, ఊగే స్టూలు పెరట్లోకి. ఆ వెనకాల అసలు సామాను బయటపడింది. పాత చీరల అంచులతో కట్టిన మూటలు, బిస్కెట్ల రేకుడబ్బాలు, బొత్తాలతో నిండిన హార్లిక్స్ సీసాలు, మేకులకి వేలాడుతున్న కాగితపు కొలతలు. ఒక మూట విప్పింది. అరచేతిలో పట్టే మూడుకోణాల గుడ్డముక్కలు. వందల్లో ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. ఇరవై ఇరవై చొప్పున కట్టలు కట్టి, ప్రతి కట్టకీ దారంతో ముడి.

సంచిలో వేయబోయి ఆగిపోయింది. ఇన్ని ముక్కల్ని ఒక్క కొలతకి కత్తిరించిన మనిషి పక్కగదిలోనే ఉంది. బతికున్న మనిషి సామానుని, లేని మనిషి సామానులా సర్దుతున్నామేమిటి అనిపించింది.

దాంతోపాటు ఇంకోటీ గుర్తొచ్చింది. పెళ్లయిన ఏడాది పుట్టింటికి వెళితే, తన ఎంబ్రాయిడరీ రింగులూ, పట్టుదారాల పెట్టే కనిపించలేదు. "సంక్రాంతికి బూజులు దులుపుతూ పక్కింటి పిల్లకి ఇచ్చేశానే. ఇంక నువ్వెక్కడ కుడతావులే అని!" అంది వాళ్లమ్మ. తప్పేం లేదు. నిజంగానే ఆ తర్వాత ఎప్పుడూ కుట్టలేదు. కానీ ఆ రోజు అన్నం సయించలేదు.

సంచి అక్కడే వదిలేసి వెళ్లి అత్తగారి మంచం పక్కన నిలబడింది. "అత్తయ్యా, మీరు వస్తేనేగానీ నేను సర్దలేను. ఏది ఏమిటో నాకు తెలీదు."

పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. "టైమెంతయింది?"

"నాలుగున్నర."

"అయితే ముందు దప్పళానికి ముక్కలు తరిగి పొయ్యి మీద పెట్టు. ఈ చలికి రాత్రి వేడిగా పులుసుంటే బాగుంటుంది. ఖాళీ కడుపుతో సర్దితే, చేతికందిందల్లా పారేయబుద్ధవుతుంది."

* * *

దప్పళానికి బజారుకి వెళ్లాల్సిన పనిలేదు. వారం చివర ఫ్రిజ్‌లో ఏ కూరకీ చాలకుండా మిగిలిపోయినవే దానికి సరుకు. ఒక ములక్కాడ, అరచెక్క ఆనపకాయ, రెండు వంకాయలు, నాలుగు బెండకాయలు, ఒక చిలగడదుంప. పెరట్లో అటకమీద, పెద్దావిడ తమ్ముడు దసరాకి వచ్చినప్పుడు తెచ్చిన తియ్యగుమ్మడికాయ. కాయ కాయగానే ఉంటే నెలల తరబడి నిలవుంటుందిగానీ, ఒక్కసారి కోస్తే మాత్రం నాలుగు రోజుల్లో వాడేయాలి. అందుకే సగం పులుసుకి, పావు పక్కింటికి, పావు ఎల్లుండి కూరకి అని కోయకముందే లెక్క చెప్పేసింది.

"ముక్కలు మరీ చిన్నవి తరక్కు. పులుసులో ఏ ముక్క ఏదో తెలియాలి. గుమ్మడి చెక్కు తీయొద్దు. తీస్తే కరిగిపోతుంది."

ములక్కాడ, ఆనపకాయ, చిలగడదుంప ముందు. ఉప్పు, పసుపు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి నీళ్లలో సగం ఉడికాక వంకాయ, ఉల్లిపాయలు, గుమ్మడి. చింతపండు రసం చివర్నే పోయాలి. ఇక్కడే కొత్తగా వంట నేర్చుకునేవాళ్లు పొరపాటు పడతారు. ముందే పులుసు పోసేస్తే ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు. పులుపు కూరగాయల్లోని పెక్టిన్‌ని కరగనివ్వదు కాబట్టి ముక్క బిరుసుగా ఉండిపోతుంది. బెండకాయ సంగతి వేరు. దాన్ని పులుసు పోశాకే వేయాలి. పులుపు తగిలితే జిగురు విడిచిపోయి, ముక్క నిలుస్తుంది. ఈ కారణాలు పెద్దావిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. "పులుసుకి ముందు మెత్తనివ్వు, పులుసుతో గట్టిపడనివ్వు" అని మాత్రం చెబుతుంది.

సన్నటి సెగ మీద గిన్నె పెట్టి, మూత వేసి ఇద్దరూ మిషను గదిలోకి వచ్చారు.

* * *

సర్దడం ఎలాగో కోడలికి ఒక లెక్కుంది. ఉంచేవి, పారేసేవి. రెండే. పెద్దావిడ నాలుగు పాత దుప్పట్లు నేలమీద పరిపించింది.

"ఇది ఉంచేవాటికి. ఇది ఎవరికైనా ఇచ్చేవాటికి. ఇది పారేసేవాటికి."

"మరి నాలుగోది?"

"అడగాల్సినవాటికి."

కోడలు భయపడినట్టేం జరగలేదు. ప్రతి గుడ్డముక్కకీ ఒక కథ చెప్పి అన్నీ ఉంచమంటుందేమో అనుకుంది. ఆవిడ పారేసే వేగం చూస్తే నోట మాట రాలేదు. దారపు రీళ్ల డబ్బా బోర్లించి, ఒక్కొక్క రీలు నుంచీ జానెడు దారం లాగి రెండు చేతులతో పట్టి తెంపింది. "చూడు, 'పట్' మని చప్పుడొస్తే బలం ఉన్నట్టు. చప్పుడు లేకుండా విడిపోతే పుచ్చిపోయినట్టు. దీంతో కుడితే జాకెట్టు వేసుకున్న పూటే చంకల్లో విచ్చుకుంటుంది." ముప్ఫై రీళ్లలో పదకొండు నిలిచాయి. తుప్పు పట్టిన హుక్కులు, సూదులు మొత్తం పారేసే దుప్పటిలోకి. వానాకాలం చెమ్మకి తుప్పుపట్టిన ఒక్క హుక్కు చాలట, పక్కనున్న తెల్లగుడ్డకి పోని మరక పడటానికి. లైనింగు గుడ్డల్లో పట్టుకుంటే చిరిగేవి తీసేసింది. కాగితపు కొలతలన్నీ దించి చుట్టచుట్టింది. "ఈ మనుషుల్లో సగంమంది లేరు. ఉన్నవాళ్ల కొలతలు మారిపోయాయి. తీసెయ్."

"ఇవి?" మూడుకోణాల ముక్కల మూట చూపించింది కోడలు.

"బొంతకి కత్తిరించాను. మీ మామయ్య చొక్కాలు, నా వాయిల్ చీరలూ. ఆయన పోయాక మొదలెట్టాను. కళ్లు సహకరించక ఆపేశాను." కాసేపు చేతిలో పట్టుకుని, ఉంచే దుప్పటిలో పెట్టింది. ఇంకేం మాట్లాడలేదు.

ఉంచేవాటికి చోట్లు చెప్పింది. గుడ్డలు కత్తిరించే కత్తెర విడిగా, ఎత్తులో మేకుకి వేలాడాలి. దాంతో కాగితం కోస్తే పదును పోతుంది. గుడ్డముక్కల్ని రంగుల వారీగా కాదు, కొలతల వారీగా పెట్టుకోవాలి. మీటరు పైనున్నవి ఒక చోట, అరమీటరువి ఒక చోట, చేతులకీ కాజా పట్టీలకీ పనికొచ్చేవి ఒక చోట. రంగు కంటికి కనబడుతూనే ఉంటుంది, కొలతే కనబడదు. తెల్లనూలు గుడ్డల్నీ లేసుల్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకూడదు. చెమ్మ లోపలే ఉండిపోయి పసుపురంగుకి తిరుగుతాయి. ఉతికిన పాత పంచెలో చుట్టాలి. మడతలో ఎండిన వేపాకు. జరీ అంచుల్ని ఏడాదికి రెండుసార్లయినా మడత మార్చాలి. లేకపోతే మడత దగ్గరే విరుగుతుంది.

వంటింట్లోంచి మూత కదిలిన చప్పుడైంది.

"గుమ్మడి ఉడికింది. వెళ్లి పులుసు పొయ్యి. బెండకాయ మరిచిపోకు. నిమ్మకాయంత బెల్లం."

"గుమ్మడి ఉడికిందని ఇక్కణ్నుంచి ఎలా తెలిసింది?"

"వాసన రావట్లేదూ!"

* * *

కోడలు తిరిగొచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఒక పుస్తకం చదువుతోంది. బడిపిల్లలు రాసుకునే పొడుగు నోటుబుక్కు, అట్ట మీద నూనె మరకలు. సాయంత్రపు మసక వెలుతురు. లైటు కూడా వేయలేదు.

"మీకు కనిపిస్తోందా అత్తయ్యా?"

"శ్రావణంలో రెండో కన్నుకీ ఆపరేషన్ చేయించారుగా. కనిపించకపోతే అంత డబ్బు ఎందుకు పోసినట్టు?"

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే కోడలికి ఎక్కువ తగిలింది. ఆపరేషన్ అయిన రెండు నెలలూ చుక్కలమందు వేళకి వేశారు, తలకి నీళ్లు తగలకుండా చూశారు, నల్లకళ్లజోడు కొన్నారు. 'ఇప్పుడు సూదిలో దారం ఎక్కుతోందా?' అని మాత్రం ఒక్కళ్లకీ అడగాలని తోచలేదు. ఆవిడ కుట్టుపని అయిపోయిందని ఇంట్లో అందరూ ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు.

అప్పుడే నిద్రలేచిన కొడుకు టీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దుప్పట్ల మీద కుప్పలు చూసి, "ఏమిటిది, సగం మళ్లీ ఉంచేస్తున్నారే! అమ్మకి ఇంక ఇదంతా ఎందుకు? కాలక్షేపానికే అయితే టీవీ ఉంది, భాగవతం ఉంది..." అన్నాడు.

పెద్దావిడ నోటుబుక్కు మూసి స్టూలు మీద పెట్టి, "పులుసు పొంగుతోందేమో చూసొస్తా" అంటూ వెళ్లింది. కోడలు ఆ పుస్తకం తీసి భర్త చేతికిచ్చింది.

ముందు పేజీల్లో అన్నీ కొలతలే. ఛాతీ 34, నడుము 30, చెయ్యి 7, మెడ ముందు 6. పేర్లు కూడా లేవు. 'పోస్టాఫీసు వదిన', 'రెండోవీధి డాక్టరమ్మ', 'పాలావిడ కూతురు పెళ్లికి'. పుస్తకం తిరగేస్తే వెనక పేజీల్నుంచి మరో లెక్క. 1981లో మిషను వాయిదాలు. జాకెట్టుకి 3 రూపాయలు, లంగాకి 2. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. 1989: అబ్బాయి బూట్లు, బడి ఫీజు. 1996 జూన్: ఇంటర్ పుస్తకాలు. అదే ఏడాది నవంబర్‌లో కోనసీమను ముంచిన తుపాను తర్వాత, తమ్ముడి ఇంటి పెంకులకి 400. 1998: డిగ్రీ ఫీజు, హాస్టలు. ఆ పేజీలో ఒకే నెలలో అరవై రెండు జాకెట్లు. పండగ నెల.

ఆయన గుమ్మానికి ఆనుకుని చాలాసేపు చదివాడు. 'మా నాన్న ఒక్క జీతంతో నన్ను చదివించాడు' అని పెళ్లిలో, ఆఫీసులో, పిల్లల దగ్గర ఎన్నోసార్లు చెప్పిన మనిషి. అది అబద్ధం కాదు. ఆయనకి తెలిసింది అంతే. రాత్రిళ్లు నిద్రలో వినిపించిన ఆ టకటకల్ని వాన చప్పుడులాంటిదే అనుకున్నాడు.

ఇలా అనుకోవడం ఆయనొక్కడికే కాదు. పెద్దావిడ పుట్టిల్లు నర్సాపురం దగ్గరి పల్లె. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని క్రోషియా సూదితో లేసు అల్లడం పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన విద్య. దళారి దారం తెచ్చిచ్చేవాడు, అల్లింది పట్టుకెళ్లి కూలి ఇచ్చేవాడు. ఆ లేసులు సముద్రాలు దాటి ఎవరి బల్లల మీదో పరుచుకునేవి. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లకి వచ్చి పరిశోధించి, 1982లో ఆ స్త్రీల మీద ఒక పుస్తకమే ప్రచురించింది. రోజంతా అల్లే ఆ ఆడవాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టడం లేదని, తీరిక వేళల్లో ఇల్లాళ్ల కాలక్షేపంగానే చూస్తున్నారని ఆవిడ రాసింది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ వార్తని ఈ ఇంట్లో కూడా చదివారు. "మీ ఊరే అత్తయ్యా" అంటే, "అవును, పదేళ్లప్పుడు నేనూ అల్లాను" అంది తప్ప, ఆ సూది ఇంకా బిస్కెట్ల డబ్బాలో ఉందని చెప్పలేదు.

కొడుకు పుస్తకం మూశాడు. తల్లికి ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. మన ఇళ్లలో మగవాళ్లకి ఇలాంటప్పుడు చేతులే ముందు కదులుతాయి. మిషను మీది దుప్పటి తీసి, చక్రం తిప్పి చూశాడు. తోలుబెల్టు వదులైపోయి జారుతోంది. పటకారు తెచ్చుకుని నేలమీద కూర్చుని, బెల్టు కొక్కెం విప్పి, అంగుళం కోసి మళ్లీ బిగించాడు. తల్లి తిరిగొచ్చేసరికి నూనెడబ్బా పట్టుకుని, "దీంట్లో నూనె ఎక్కడెక్కడ వెయ్యాలమ్మా?" అని అడిగాడు.

"చిల్లు ఉన్న ప్రతిచోటా ఒక్కో చుక్క. ఎక్కువ వేస్తే కుట్టే గుడ్డంతా పాడవుతుంది. ముందు ఒక పాతగుడ్డ మీద ఖాళీగా తొక్కి చూడాలి" అంది ఆవిడ.

* * *

అయితే పాప చదువు మాటేమిటి? ఆ గది అడిగింది దానికోసమే. దాన్నీ పిలిచారు. అది గదంతా కలయజూసి, తండ్రి అనుకున్నట్టు కాకుండా, "నాకు గది మొత్తం ఎందుకు? గోడవైపు టేబులు చాలు. కానీ నానమ్మా, నేను చదివేటప్పుడు నువ్వు మిషను తొక్కకూడదు" అంది.

"తెల్లవారి అయిదు నుంచి ఏడు దాకా నీది. రాత్రి ఎనిమిది తర్వాత నీది. నువ్వు బడికెళ్లాక నాది" అంది నానమ్మ.

"ఆదివారం?"

"ఆదివారం నీకు జాకెట్టు కుట్టడం నేర్పిస్తా. అదీ చదువే."

అలా గది పంపకాలు అయిపోయాయి. కిటికీ కింద మిషను అక్కడే. కుట్టేవాళ్లకి పగటి వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి కాబట్టి కాస్త పక్కకి తిప్పారు. ఎదురుగోడకి పాప టేబులు. మధ్యలో ఉన్న గోడ అలమరలో కింది రెండు అరలు నానమ్మవి, ఎందుకంటే ఆవిడ స్టూలెక్కకూడదు. పై రెండూ పాప పుస్తకాలవి. సైకిలు వీధి చివర పిల్లాడికి. కూలరు అటక మీదికి. పాతసామాన్లవాడికి అనుకున్న గది నుంచి చివరికి ఒక్క గోనెసంచే బయటికొచ్చింది. దాని మూతి పెద్దావిడ తనే కట్టింది.

నాలుగో దుప్పటి మిగిలింది. అడగాల్సినవి. మూడే వస్తువులున్నాయి. ఒకటి, ఎవరో కుట్టడానికిచ్చి తీసుకెళ్లని పట్టు జాకెట్టు గుడ్డ. ఆ మనిషి ఫోను నంబరు కనుక్కోమని కొడుక్కి ఇచ్చింది. రెండోది, మనవడి బారసాలకి కుట్టిన చొక్కా. ఎనిమిదేళ్ల మనవణ్ని పిలిచి, "ఇది ఉంచమంటావా, కింది వీధిలో పుట్టిన పాపాయికి ఇవ్వమంటావా?" అని నిజంగానే అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, "ఇచ్చెయ్. నాకు పట్టదుగా" అన్నాడు.

మూడోది పంచెగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం. దాన్ని కోడలి చేతికిచ్చింది. విప్పితే నీలంరంగు జాకెట్టు గుడ్డ. చేతి మీద నెమలి. మెడదాకా అద్దాల కుట్టు నిండింది. తోక సగంలో ఆగిపోయింది. సూది అలాగే గుచ్చి ఉంది. తుప్పు పట్టకుండా దాని చుట్టూ మైనం పూసి ఉంది.

పెళ్లయి ఈ ఇంటికొస్తూ సూట్‌కేసులో అడుగున తెచ్చుకున్న గుడ్డ. కాపురం, ఉద్యోగం, పిల్లలు... అది ఎటు పోయిందో కూడా మర్చిపోయి పదిహేడేళ్లయింది.

"ఇన్నాళ్లూ దాచారా అత్తయ్యా?"

"దాచడమేంటి, తీయలేదంతే. ఎన్నిసార్లు సర్దినా ఇది నీదిగా. నిన్నడక్కుండా నేనెలా తీస్తాను? ఏడాదికోసారి మడత మార్చాను." ఆవిడ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "ఇప్పుడు అడుగుతున్నా. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

కోడలు వెంటనే జవాబు చెప్పలేకపోయింది. మధ్యాహ్నం గోనెసంచి పట్టుకుని అడక్కుండా ఆ గదిలోకి వెళ్లింది తనే. "పోపు పెట్టొస్తానండీ" అని వంటింట్లోకి వెళ్లింది.

* * *

చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసేసరికి పులుసు చిక్కబడింది. మూకుట్లో నూనె కాగాక ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ, చివర కరివేపాకు. మెంతులు ఎర్రబడగానే దించేయాలి. నల్లబడితే పులుసంతా చేదే. చుయ్యిమని పోపు పడగానే, వాన చలికి ముడుచుకున్న ఇల్లంతా ఒక్కసారి విచ్చుకున్నట్టయింది. వేయించిన కందిపప్పుతో ముద్దపప్పు. వేసవిలో డాబా మీద పెట్టిన గుమ్మడి వడియాలు నాలుగు వేయించింది.

మిషను గదిలో దుప్పట్లు తీసి తుడిచిన నేల మీదే చాప పరిచి కూర్చున్నారు అందరూ. ఎందుకక్కడ అని ఎవరూ అనుకోలేదు. పొగలు కక్కే అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, దాని మధ్యలో గుంట చేసి దప్పళం. పిల్లాడికి గుమ్మడి ముక్కలు, పాపకి ములక్కాడలు. కొడుకు తల్లి కంచంలో తనే వడ్డించాడు. రెండు ముద్దలు తిన్నాక, తలవంచుకునే, "ఆ నెల అరవై రెండు జాకెట్లు ఎలా కుట్టావమ్మా?" అని అడిగాడు.

"ఎలా ఏముంది, ఒకదాని తర్వాత ఒకటి" అంది ఆవిడ. కాసేపాగి, "ఆ దసరాకి మీ నాన్నే కాజాలు కుట్టారు. రాత్రిళ్లు. ఎవరికీ చెప్పొద్దన్నారు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఆవిడ ఆ ఏడాది పండగ గురించి, కరెంటు పోతే కిరసనాయిలు దీపం పెట్టుకుని కుట్టడం గురించి, తీసుకున్న జాకెట్టుకి డబ్బులివ్వకుండా ముఖం చాటేసిన డాక్టరమ్మ గురించి చెబుతూనే ఉంది. పుస్తకంలో ఒక్క వరసగా ఉన్న లెక్కలకి ఆ రాత్రి కథలొచ్చాయి. అడిగినవాళ్లుంటే చెప్పడానికి ఆవిడ దగ్గర చాలానే ఉంది.

మర్నాడు సోమవారం. వాన తెరిపిచ్చింది. పాతసామాన్లవాడు వచ్చి సంచి తూచి ముప్ఫై రూపాయలిచ్చి వెళ్లాడు. మిగిలిన దప్పళం వేడిచేస్తే నిన్నటికన్నా రుచిగా ఉంది. ముక్కలకి పులుసు పట్టేది రెండోరోజే. బడికి బయల్దేరుతూ కోడలు మిషను గదిలోకి తొంగిచూసింది. అత్తగారు బొంత ముక్కల్ని రెండేసి చొప్పున మిషను పాదం కింద పెడుతోంది. పక్కనే అరలో నీలం గుడ్డ, మడత విప్పి ఉంది.

"అత్తయ్యా, అది ఉంచండి" అంది కోడలు చెప్పులేసుకుంటూ. "సాయంత్రం వచ్చేటప్పుడు దారం తెచ్చుకుంటాను."

"ఏ రంగో ముక్క కత్తిరించి పట్టుకెళ్లు. కొట్లో లైటుకి రంగు తేడాగా కనిపిస్తుంది" అంది ఆవిడ, తలెత్తకుండానే.